చివరింటి నీళ్ళు

పదకొండున్నరకు పిలుస్తామన్నారు. ఇప్పుడు పదిన్నర. గంట ముందే వచ్చి కూర్చోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు, ఆసుపత్రికైనా అంతే, రైలుకైనా అంతే. "అందరికంటే ముందు వెళ్ళి అందరి చేతా వెనక్కి నెట్టించుకునే రకం నువ్వు" అని పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే కూడా భర్త నవ్వాడు. ఆయన బస్సు డిపోలో టైం కీపరు, నిమిషం ముందూ లేదు వెనకా లేదు. ఆమె కూర్చున్నది పబ్లిక్ పాలసీ కళాశాల రెండో అంతస్తులో, ఇంటర్వ్యూ గది బయట. గోడ వారగా ఆరు కుర్చీలు, ఆరింటిలోనూ ఆమె ఒక్కతే. ఎదురు గోడ మీద ఇక్కడ చదివి పెద్దవాళ్ళయిన వాళ్ళ ఫొటోలు వరసగా ఉన్నాయి. అందరూ కెమెరా కేసి కాకుండా కొంచెం పక్కకు చూస్తున్నారు, అక్కడెవరో వాళ్ళకు మంచి కబురు చెబుతున్నట్టు. ఫొటోల కింద తలకిందులుగా క్యాను బోర్లించిన మంచినీళ్ళ యంత్రం ఉంది. కూర్చున్న దగ్గర్నుంచీ ఆమె కళ్ళు దాని మీదే ఉన్నాయి. పంపు మూతి దగ్గర ఆకుపచ్చగా సన్నటి గీత కట్టింది. దీన్ని కడిగి మూణ్ణెల్లయి ఉంటుంది అనుకుంది, దాహం వేస్తున్నా లేవలేదు. ఇరవై ఏళ్ళుగా నీళ్ళు పరీక్షించే మనిషికి నీళ్ళు తాగడం అంత తేలిక కాదు.

ఒళ్ళో ఫైలు, ఫైల్లో ఆమె రాసి పంపిన వ్యాసం. "మీ వృత్తి జీవితంలో మీరు పాలుపంచుకున్న ఒక నిర్ణయం గురించీ దాని ఫలితం గురించీ ఎనిమిది వందల మాటల్లో రాయండి" అన్నారు. మొదటిసారి రాసింది చదివి కూతురు పడీ పడీ నవ్వింది. "అమ్మా, ఇది ఫినాయిల్ సీసా మీద సూచనల్లా ఉంది. కాస్త నీ గురించి రాయవే తల్లీ." నలభై నాలుగేళ్ళ వయసులో పదిహేడేళ్ళ పిల్ల పక్కన కూర్చుని దరఖాస్తు నింపడమంటే మాటలా? పుట్టిన సంవత్సరం ఎంచుకునే చోట కిందికి కిందికి జరుపుతూనే పోయి, "నీ సంవత్సరం తగిలిందమ్మా, ఇంకా నయం, మ్యూజియంలో వెతకలేదు" అంది ఆ గడుగ్గాయి. నలభై ఐదు దాటితే తీసుకోరు. నీళ్ళ శాఖ కూడా చదువు సెలవు ఇచ్చేది ఏడాదికి ఒక్కరికే, ఈసారి ఆమెకిచ్చింది. ఈ సీటు వస్తే రెండేళ్ళలో ఆమె సీసాల దగ్గర్నుంచి బల్లల దగ్గరికి పోతుంది, ఏ వీధికి నీళ్ళు ఎప్పుడు, ఏ పైపు మార్చాలి, ఎక్కడెక్కడ పరీక్షించాలి అని తేల్చే బల్లల దగ్గరికి. రాకపోతే రిటైరయ్యేదాకా సీసాలమ్మే. శాఖలో అందరూ ఆమెను సీసాలమ్మ అనే పిలుస్తారు, నమూనా సీసాలు గలగలలాడించుకుంటూ తిరుగుతుందని. మొదట్లో ఉక్రోషం వచ్చేది. తర్వాత అదే పేరైపోయింది. ఒకసారి ఇంటికి ఫోన్ చేసిన గుమాస్తా "సీసాలమ్మగారున్నారా" అంటే భర్త ఏమాత్రం తడబడకుండా "స్నానం చేస్తోందండీ" అన్నాడు.

అయితే ఆ వ్యాసంలో ఉన్నది అబద్ధం కాదు. ఆ మాట తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు. ప్రతి అంకె నిజం, ప్రతి తేదీ నిజం. నలభై ఎనిమిది చోట్ల తీసే నమూనాలను పన్నెండు చోట్లకు తగ్గించారు, అది నిజం. ఆ పథకం ఆమెదే, అది నిజం. మిగిలిన మనుషులనూ సమయాన్నీ పాత పైపుల సర్వేకు మళ్ళించారు, అదీ నిజమే. వ్యాసం నిండా నిజాలే, ఒకదాని పక్కన ఒకటి, బియ్యంలో రాళ్ళు ఏరేసినంత శుభ్రంగా. ఏరేసిన రాయి ఒక్కటే. ఆ ఒక్కటీ ఆమె దగ్గరే ఉంది. తీసుకెళ్ళి ఈ గదిలో బల్ల మీద పెట్టాలా వద్దా అన్నదే ఈ గంటలో తేలాలి. నిన్నటిదాకా వద్దనే అనుకుంది. పొద్దున బస్సు దిగుతుంటే చెబుదామనిపించింది. మెట్లెక్కుతుంటే మళ్ళీ వద్దనిపించింది.

నలభై ఎనిమిదిలో చివరి నంబరు నలభై ఎనిమిదే, పైపు ఆగిపోయే చోటు. కొండవాలు మీద ఇరుకు వీధి, ఆ వీధిలో ఆఖరి ఇల్లు, ఇంట్లో కుట్టుపని చేసే ఆవిడ. మొగుడు పోయాక కుట్టుమిషను మీదే కూతుర్ని పెంచి పెళ్ళి చేసింది. నెలకోసారి ఈమె వెళ్ళేది, వెనకాల ఐసుపెట్టె మోసుకుంటూ శాఖలో పాత మనిషి ఒకాయన, ఈమె బాబాయ్ అని పిలిచేది. మెట్లన్నీ ఎక్కేసరికి ఇద్దరికీ నాలుకలు బయటికొచ్చేవి. ఆ ఇంటికి నీళ్ళు పొద్దున ఆరింటికొచ్చి ఏడింటికి ఆగిపోతాయి, వీళ్ళు చేరేసరికి పదకొండు. కుళాయి తిప్పితే గాలి తప్ప ఏమీ రాదు. మొదటి నెల ఉత్త చేతులతో తిరిగి వెళుతుంటే ఆవిడ ఎంత నొచ్చుకుందో! "ఇంత ఎండలో ఇంత దూరం వచ్చి ఖాళీగా పోతారా అమ్మా? వచ్చేసారి నేను పట్టి ఉంచుతాగా" అంది. అన్నట్టే పట్టి ఉంచింది, తెల్లటి ప్లాస్టిక్ క్యానులో, మూత మీద ఉతికిన గుడ్డ కప్పి. నమూనా కుళాయి నుంచే నేరుగా పట్టాలి, పట్టి ఉంచిన నీళ్ళు పనికిరావు. ఆ నియమం ఆమెకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. కానీ ఆరింటికి అక్కడ ఉండాలంటే నాలుగింటికి బయల్దేరాలి, శాఖ బండి ఎనిమిదింటికిగానీ కదలదు. క్యానులోంచే సీసా నింపింది. ఫారంలో "కుళాయి" అని రాసింది.

తర్వాత ఆ గాజుగొట్టం. ప్రతిచోటా కాసిని నీళ్ళు గొట్టంలో పోసి ఒక మాత్ర వేస్తారు. నీళ్ళలో క్లోరిన్ మిగిలి ఉంటే గులాబి రంగు తిరుగుతుంది, ఎంత ఎక్కువుంటే అంత ముదురు. పంపుహౌసు దగ్గర ముదురుగా ఉంటుంది, పైపులో దూరం వెళ్ళేకొద్దీ పలచబడుతుంది, చివరికి వచ్చేసరికి ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, ఏ కూలివాడైనా చెప్పగలడు. ఆ చివరింట్లో మాత్రం గొట్టం పంపుహౌసు కంటే ముదురుగా తిరిగింది. రక్తం పడినట్టు తిరిగింది. బాబాయ్ పెట్టె మీద కూర్చుని తలపాగాతో మొహం తుడుచుకుంటూ గొట్టం వంక చూశాడు, తర్వాత ఆమె వంక చూశాడు. "చివర్న ఇంత రంగేంటమ్మా, తోక తలకంటే లావుందే" అన్నాడు. ఆమె కార్డు మీద అంకె వేసుకుంటూ "మంచిదేగా బాబాయ్" అంది. అప్పటికే ఆమెకు కనిపించింది, గుమ్మం పక్కన బీరువా కింద నీలం డబ్బా, బట్టలకు వాడే బ్లీచింగ్ పౌడరు, దాని మూత మీద చెంచా. నాలుగో నెల ఆవిడే చెప్పేసింది, ఏదో గొప్ప సంగతి చెబుతున్నట్టు సిగ్గుపడుతూ. "ఆఫీసు వాళ్ళు తీసుకెళ్ళే నీళ్ళు కదమ్మా, మురికివి ఇస్తే మర్యాదగా ఉంటుందా? మీ క్యానులో మాత్రం చెంచాడు వేస్తాను." మీ క్యానులో మాత్రం. వాళ్ళు తాగే బిందెల్లో కాదు.

ఒక్క మాట. "అక్కా, ఆ చెంచా మీరు తాగే నీళ్ళల్లో వేసుకోండి, మాకు మీ మురికే కావాలి" అని ఒక్క మాట. దానికి ఎంత సేపు పడుతుంది, సీసా మూత బిగించేంత సేపు. అననే లేదు. అంటే అంతకు ముందు రెండు నెలల ఫారాలు కొట్టేయాలి. కొట్టేస్తే కారణం రాయాలి. కారణం రాస్తే క్యాను సంగతి రాయాలి, క్యాను సంగతి రాస్తే కుళాయి అని ఎందుకు రాశావని అడుగుతారు. నమూనా ఫెయిలైందంటే మళ్ళీ మూడుసార్లు ఆ మెట్లెక్కాలి, రిపోర్టు రాయాలి, పైపు తవ్వించాలి, తవ్వించడానికి రోడ్ల వాళ్ళ కాళ్ళు పట్టుకోవాలి. ఇన్ని ఆలోచించిందా ఆ రోజు? లేదు, ఏమీ ఆలోచించలేదు, ఎండగా ఉంది, ఆవిడ ముక్కాలిపీట తుడిచి వేసింది, కాసేపు కూర్చుంటే హాయిగా ఉంది. మంచివాళ్ళ ఇంట్లో మంచిగా ఉండటం ఎంత తేలిక! ఇరవై నెలలు అలాగే నడిచింది. గుమ్మం దాటుతుంటే ప్రతిసారీ ఆవిడ అడిగేది, "మా నీళ్ళు పాసయ్యాయా అమ్మా?" పిల్ల మార్కులు అడిగినట్టు. "ఫస్టు క్లాసులో అక్కా" అనేది ఈమె. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఖర్చు తగ్గించాలి, దారి చూడమని శాఖ పెద్దసారు అడిగినప్పుడు ఆమె బల్లంతా కాగితాలు పరిచి కూర్చుంది. మొదట్నుంచీ శుభ్రంగా వస్తున్న చోట్ల ప్రతి నెలా పరీక్ష ఎందుకు? దండగ. చెడిపోయే చోట్ల మీదే కన్నుంచాలి. చెప్పుకోవడానికి ఎంత బాగుంది, ఇప్పటికీ బాగుంది, వ్యాసం రెండో పేరాలో మెరిసిపోతోంది. వరసలో వేలు పెట్టి శుభ్రమైన వాటిని కొట్టేసుకుంటూ పోయింది. అన్నిటికంటే శుభ్రమైనది నలభై ఎనిమిదో నంబరు. వేలు అక్కడ ఆగింది. కాసేపు ఆగింది అనే ఆమెకు గుర్తు, ఆగలేదేమో కూడా, ఆగాలని ఇప్పుడు అనుకుంటోందేమో. కొట్టేసింది. మీటింగులో పెద్దసారు ఆమెను నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు, "సీసాలు మోసే మనిషి అనుకున్నాం, తల కూడా ఉందయ్యా" అని ఆయన జోకు. మూడు నెలల తర్వాత కుట్టుపని ఆవిడ ఫోన్ చేసింది. "రావడం మానేశారేంటమ్మా, మా నీళ్ళు గానీ ఫెయిలయ్యాయా?" "అయ్యో లేదక్కా, పాసయ్యాయి కాబట్టే ఇక రానక్కర్లేదు." "హమ్మయ్య. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉందిలే, అందుకని అడిగాను. పురిటికి తీసుకొచ్చుకున్నాను."

పురిటికి తీసుకొచ్చుకున్నాను. ఆ మాటకీ ఆ తర్వాత జరిగిన దానికీ మధ్య ఏడు వారాలున్నాయి. ఏడు వారాల్లో ఆమె చాలా పనులు చేసింది, పళ్ళు పీకించుకుంది, కూతురికి కళ్ళజోడు మార్పించింది, ఫోన్ మాత్రం చేయలేదు. కొండవాలు వీధిలో ముప్ఫై ఒక్కమందికి కామెర్లు వచ్చాయి. మురుగు పైపు పక్కనే మంచినీళ్ళ పైపు, రెండూ ఎప్పటినుంచో పుచ్చిపోయి ఉన్నాయి, ఎన్నాళ్ళుగా కారుతోందో ఎవరూ చెప్పలేరన్నారు. ముప్ఫై మంది లేచి తిరిగారు. ఆ రకం కామెర్లు కడుపుతో ఉన్నవాళ్ళను బతకనివ్వవని డాక్టరు చెబుతుంటే ఆమె ఆసుపత్రి వరండాలో నిలబడి వింది, శాఖ తరఫున వివరాలు రాసుకోవడానికి వచ్చిన మనిషిలా, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. కుట్టుపని ఆవిడ బెంచీ మీద ఉంది. ఏడవడం లేదు. ఈమెను చూసి అలవాటుగా పక్కకు జరిగి చోటిచ్చింది. తిట్టినా బాగుండేది, జుట్టు పట్టుకుని ఈడ్చినా బాగుండేది. "మన నీళ్ళు పాసయ్యాయి కదమ్మా" అంది, నిజంగా అర్థంకాక అడిగింది, ఈమెకైతే తెలుస్తుందని అడిగింది. మన నీళ్ళు అంది. ఈమె ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చేతి వేళ్ళకు సూది గుచ్చుకున్న గరుకు ఇప్పటికీ తెలుస్తోంది, ఇదిగో ఈ ఫైలు పట్టుకున్న చేతికి.

విచారణ రెండు వారాలు జరిగింది. ఇరవై నెలల ఫారాలు తిరగేశారు, ఒక్క మచ్చ లేదు. అంత మంచి క్లోరిన్ అంకెలున్న చోటును జాబితాలోంచి తీసేయడంలో తప్పేముందన్నారు, పైపుల మీద తోసేశారు, పైపులు వేసినవాడు ఎప్పుడో చచ్చిపోయాడు. "నీ రికార్డే మనందరినీ ఒడ్డున పడేసింది" అన్నాడు పెద్దసారు. ఆయనే ఈ కళాశాలకు సిఫారసు ఉత్తరం రాశాడు, నిజాయతీ అన్న మాట అందులో రెండుసార్లు వాడాడు. బాబాయ్‌ను విచారణలో పెట్టె బరువెంత అని మాత్రమే అడిగారు. ఆయన బయటికొచ్చి బీడీ ముట్టించుకుని, "తిలా పాపం తలా పిడికెడు అంటారమ్మా. నా పిడికెడు నేను తీసుకున్నాను" అన్నాడు. మరుసటి నెలలోనే పని మానేశాడు. ఆమె భర్తకు చెప్పలేదు. కూతురికి చెప్పలేదు. మింగలేక కక్కలేక రెండేళ్ళు గడిచాయి. ఈ చదువు మీద అంత యావ ఎందుకని ఎవరైనా అడిగితే, పైనున్నవాళ్ళకు చివరి కుళాయి తెలియాలి, అందుకు, అంటుంది. అదీ నిజమే. ఇంకో నిజం కూడా ఉంది, పైకి పోతే ఇక ఆ మెట్లెక్కే పని ఉండదు.

పక్క కుర్చీ చప్పుడైతే ఉలిక్కిపడింది. నలభై దాటినట్టున్న ఒకాయన, ఇస్త్రీ మడత నలగని చొక్కా, కూర్చున్నా నిలబడ్డట్టే ఉన్నాడు. జైలు అధికారినని చెప్పుకున్నాడు. వయసు తెలిసిపోతోందా అనే బెంగ కాబోలు, జుట్టుకు రంగు కొంచెం ఎక్కువే వేశాడు. "మా ఆవిడ అంటుందీ, జైల్లో వాళ్ళు చదువుకుని బయటపడతారు గానీ జైలరు చదువుకుని లోపలికి పోవడం ఎక్కడా చూడలేదని" అని తనే నవ్వుకున్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన తన ప్రశ్నలూ జవాబులూ కాగితం మీద రాసుకొచ్చి పెదాలు కదుపుతూ బట్టీ పడుతున్నాడు. చెబితే ఏమవుతుంది? వీళ్ళు శాఖకు రాస్తారు. శాఖ మళ్ళీ విచారణ వేస్తుంది. ఉద్యోగం పోతుంది, పోనీ. పేపర్లో వస్తుంది, కూతురు చదువుతుంది. భర్త ఏమంటాడు, ఏమీ అనడు, గడియారం చూసుకుంటాడు. కుట్టుపని ఆవిడకు తెలుస్తుంది. అక్కడికి వచ్చేసరికి ఆలోచన ఆగిపోతోంది. ఆవిడకు తెలిస్తే తన చెంచా ఏం చేసిందో కూడా తెలుస్తుంది, తన మర్యాదే తన కూతుర్ని తీసుకుపోయిందని తెలుస్తుంది. అది చెప్పే హక్కు నాకుందా? లేకపోతే ఇది కూడా నేను తప్పించుకోవడానికి వెతుక్కున్న సాకా? ఎవరైనా పట్టుకుంటే బాగుండు. ఎవరైనా నా చెయ్యి పట్టుకుని, పద, వెళ్ళి రాసివ్వు, అంటే బాగుండు. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నది సీటు కోసం కాదు, ఆ ఒక్క మనిషి కోసమని ఆమెకు ఇప్పుడే, ఈ కుర్చీలోనే తెలిసింది. తలుపు తెరుచుకుంది. లోపలికి రమ్మన్నారు.

లోపల ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ, ఒకపక్క రిటైరైన పెద్ద అధికారి, ఇంకోపక్క లాప్‌టాప్ ముందు కుర్ర లెక్చరరు. ప్రొఫెసరమ్మ వ్యాసం తిరగేసి, "పన్నెండు చోట్ల పథకం గురించి మీ మాటల్లో చెప్పండి" అంది. ఆమె చెప్పింది. మొదట పథకం, తర్వాత నలభై ఎనిమిదో నంబరు, క్యాను, ఉతికిన గుడ్డ, నీలం డబ్బా, ముదురు గులాబి రంగు, అనని ఒక్క మాట, ఫోను, ఏడు వారాలు, బెంచీ. ఫారం నింపినట్టు వరసగా చెప్పింది, వరస తప్పకూడదని. చెప్పడం అయింది. పెద్ద అధికారి బల్ల మీది నీళ్ళ గ్లాసును కొంచెం దూరం జరిపాడు.

"ఇది మీ వ్యాసంలో లేదే" అంది ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి.

"రాస్తే తీసుకోరనుకున్నానండీ."

"ఎంత పొరపాటు! ఇదే కదమ్మా అసలు వ్యాసం." ఆవిడ కళ్ళలో నిజంగానే తడి ఉంది. కుర్ర లెక్చరరు టైపు చేయడం ఆపలేదు. "మర్యాద వల్ల చెడిపోయిన డేటా" అన్నాడు, తనలో తను మురిసిపోతున్నట్టు. "ఇలాంటి ఉదాహరణ కోసం మూడేళ్ళుగా వెతుకుతున్నాను. క్లాసులో వాడుకోవచ్చా మేడం? ఊరూ పేరూ తీసేస్తాను."

"ఆవిడ కూతురు చనిపోయిందండీ" అంది ఆమె, ఆ సంగతి సరిగ్గా వినబడలేదేమోనని.

"అవును, అందుకే. పిల్లల మనసులో నాటుకుంటుంది."

ఆమె ముగ్గురి మొహాలూ చూసింది. మంచి మొహాలు. "మీరు దీన్ని మా శాఖకు రాస్తారు కదండీ?" అని అడిగింది. పెద్ద అధికారి చెయ్యి ఊపాడు, ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టినట్టు. "ఛ ఛ, ఎందుకు రాస్తామమ్మా? ఈ గదిలో మాటలు ఈ గది దాటవు. నిశ్చింతగా ఉండండి. ఇంత ధైర్యంగా ఒప్పుకునే వాళ్ళే మాకు కావాలి." ప్రొఫెసరమ్మ లేచి చెయ్యి కలిపింది. మెత్తటి చెయ్యి. "జూన్‌లో కలుద్దాం" అంది. ఆమె నోటి నుంచి "థాంక్సండీ" అన్న మాట దానంతటదే వచ్చేసింది. ఛాతీ మీంచి బరువు దిగిపోయినట్టుంది, రెండేళ్ళలో మొదటిసారి ఊపిరి నిండుగా అందింది. ఆ హాయికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా హాయి తగ్గలేదు.

బయట జైలు అధికారి లేచి నిలబడ్డాడు, కాగితం నాలుగు మడతలు పెట్టి. "ఏం అడిగారు మేడం? కష్టంగా ఉందా?"

"ఏం లేదండీ, బాగానే మాట్లాడతారు" అంది ఆమె. ఫైలు సర్దుకుంది. ఆ తర్వాతి మాట అనకుండా ఉండాల్సింది, అనేసింది. "మీ ఉద్యోగంలో మీవల్ల ఎవరికైనా చెడు జరిగి ఉంటే అది చెప్పండి. వాళ్ళకు బాగా నచ్చుతుంది."

ఆయన అయోమయంగా చూశాడు. తర్వాత కాగితం జేబులో పెట్టేసి, మళ్ళీ కుర్చీలో కూర్చుని, పిలిచేలోగా ఏది చెబితే బాగుంటుందా అని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. మొదటి చేతి వేళ్ళు అయిపోయాయి. రెండో చెయ్యి తీశాడు.